విక్కా నేర్పబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,
అత్త ఆశీస్సులు.

వచ్చే నెల నుంచి ఎం.వి.పి. కాలనీలో మీ మేడ మీద నలుగురైదుగురికి విక్కా, అదే ఇంగ్లండులో పుట్టిన ఆధునిక మంత్రగత్తెల మతం, మొదటి పాఠాలు చెప్తానని రాశావు. చాలా సంతోషం. చేసుకోవడం నీకు బాగా వచ్చు. చెప్పడం వేరే పని కాబట్టి నాకు తోచినవి రాస్తున్నాను.

మొదటి రోజు కత్తి, కప్పు, కొవ్వొత్తులు ఏవీ బయటికి తియ్యకు. వచ్చేవాళ్ళు రీల్స్ చూసి వస్తారు, స్పెల్ ఎప్పుడు నేర్పుతావని అడుగుతారు. ముందు చరిత్ర చెప్పు, ఉన్నదున్నట్టు చెప్పు. వేల ఏళ్ళుగా రహస్యంగా దాగి వచ్చిన మతం అంటే పిల్లలు కళ్ళింత చేసుకుని వింటారు గానీ, అది నిజం కాదు. మార్గరెట్ ముర్రే అనే పండితురాలు 1921లో అలాంటి సిద్ధాంతమే చెప్పింది, తర్వాతి చరిత్రకారులు దాన్ని తోసిపుచ్చారు. బ్రిటన్‌లో 1735 నాటి మంత్రవిద్య చట్టం 1951లో రద్దయింది. ఆ చట్టం పోయాకే, 1954లో విక్కాకి ఆద్యుడైన జెరాల్డ్ గార్డ్నర్ దీని గురించి పుస్తకం వేశాడు. ఆయన వయసంతా సిలోన్, బోర్నియో, మలయాల్లో తోటల పనిలోనూ కస్టమ్స్ ఉద్యోగంలోనూ గడిపి, 1936లో రిటైరై ఇంగ్లండ్ చేరినవాడు. ఆయన దగ్గర దీక్ష తీసుకున్న డోరీన్ వాలియెంటే, ఆయన కర్మల్లో చదివే పాఠాల్లో చాలా భాగం తిరగరాసింది. ఇవాళ మనం కర్మల్లో దేవి పలికినట్టుగా చదువుకునే మాటల అందం ఆవిడదే. మన విశాఖ తొట్లకొండ మీద రెండువేల ఏళ్ళ నాటి బౌద్ధ కట్టడాలు చూసి పెరిగిన పిల్లలకి డెబ్భై ఏళ్ళ మతమా అనిపించవచ్చు. అనిపించనీ. అబద్ధం మీద నమ్మకం కట్టుకున్నవాళ్ళు అది తెలిసిన రోజున మొత్తం వదిలేసి పోతారు.

దిక్కుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం నువ్వు చాలా ఓపిగ్గా ఉండాలి. సర్కిల్, అంటే కర్మకి ముందు చుట్టూ గీసుకునే వలయం, వేసేటప్పుడు తూర్పున గాలి, దక్షిణాన నిప్పు, పడమట నీరు, ఉత్తరాన భూమి అని పుస్తకాల్లో ఉంటుంది. నువ్వు ఆ మాట అనగానే ఎవరో ఒకరు చెయ్యి ఎత్తుతారు. మీ మేడ మీద నిలబడితే సముద్రం తూర్పునే కదా. ఇంకొకరు వాస్తు తీస్తారు. ఈశాన్యంలో నీళ్ళు, ఆగ్నేయంలో పొయ్యి, వాయవ్యంలో గాలి అని మనింట్లో చిన్నప్పటి నుంచీ విన్నదేగా. వాళ్ళని ఆపకు, కసురుకోకు. బ్రిటన్ వాళ్ళకి మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణానే కనబడతాడు, మహాసముద్రం పడమర ఉంటుంది. ఆ దిక్కులు ఆ నేల మీద నిలబడి చూస్తే కుదురుగా ఉంటాయి.

జూన్ 21న అందరినీ మేడ మీదికి రమ్మను. మీటరు కర్ర ఒకటి నిటారుగా నిలబెట్టి, సరిగ్గా పన్నెండింటికి నీడ చూడండి. మన దేశపు గడియారం లెక్క కట్టే రేఖ కాకినాడ దగ్గర నుంచి పోతుంది కాబట్టి విశాఖలో గడియారం పన్నెండూ, సూర్యుడి పన్నెండూ ఆ రోజు దాదాపు ఒకటే. మబ్బు పట్టకపోతే నీడ దక్షిణం వైపు పడుతుంది, జానెడులో సగం కూడా ఉండదు. సూర్యుడు మన నెత్తి దాటి ఉత్తరానికి వెళ్ళాడన్నమాట. మే మధ్య నుంచి జూలై చివరి దాకా మనకి ఇంతే. ఆ నీడని కళ్ళారా చూసినవాళ్ళకి, దిక్కుల్ని బట్టీ పట్టడం వేరు, తెలుసుకోవడం వేరు అని నువ్వు చెప్పక్కర్లేదు. తర్వాత ఏం చెయ్యాలి? మొదటి కొన్ని నెలలు పుస్తకంలో ఉన్నట్టే వేయించు. పద్ధతి చేతికి వచ్చాక, అందరూ కూర్చుని, నీటిని సముద్రం వైపుకి మార్చుకోవాలంటే మార్చుకోండి. వాస్తునీ దీన్నీ ఒకే రాత్రి కలిపి కిచిడీ చెయ్యకు. రెండూ చెడతాయి.

విక్కాలో ఏడాది పొడుగునా వచ్చే ఎనిమిది ఋతువుల పండుగలూ అంతే. లండన్‌లో జూన్ చివర పగలు పదహారున్నర గంటలకి పైనే, డిసెంబరులో ఎనిమిది గంటలైనా ఉండదు. మనకి పదమూడు, పదకొండు. అంత చీకట్లో బతికే వాళ్ళకి డిసెంబరు 21 దాటి సూర్యుడు తిరిగొస్తున్నాడంటే గుండెల నిండా ఊపిరి. మన డిసెంబరు ఏడాది మొత్తంలో హాయైన నెల. ఇది చెప్పకుండా ఆ రోజుల్లో వచ్చే యూల్ పండుగ చేయిస్తే వాళ్ళకి కేకు, లైట్లు తప్ప ఏమీ అందదు. తారీఖులూ పేర్లూ వాటి అర్థాలూ నేర్పు. దాంతోపాటు ప్రతి పండుగ వారంలోనూ విశాఖలో ఏం జరుగుతోందో ఒక నోటుబుక్కులో రాయించు. ఫిబ్రవరి మొదట్లో మామిడి పూత ఎలా ఉంది, సింహాచలం సంపెంగలు బజార్లో ఎప్పుడు కనబడ్డాయి, ముంజలు ఎప్పుడొచ్చాయి, అక్టోబరులో సముద్రం రంగు ఎలా మారింది. మన ఊరికి అక్టోబరు అంటే తుఫానుల నెల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్ళో చెట్లన్నీ ఎలా పడిపోయాయో గుర్తున్న వాళ్ళకి, అక్టోబరు 31న వచ్చే సౌయిన్ ఎందుకు పోయినవాళ్ళని తలుచుకునే పండుగో వేరే వివరించక్కర్లేదు. విక్కా వాళ్ళు కర్మలూ మంత్రాలూ రాసుకునే సొంత పుస్తకాన్ని బుక్ ఆఫ్ షాడోస్ అంటారు కదా, ఆ నోటుబుక్కే దానికి మొదటి పేజీలు అవ్వాలి. కాపీ కొట్టిన మంత్రాలు తర్వాత ఎప్పుడైనా రాసుకోవచ్చు.

భోగి మంటని తీసుకొచ్చి ఇది మన యూల్ అనకు. భోగికి దాని పేరుంది, దాని ఇల్లుంది. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారిని కూడా మన పాఠంలోకి లాగకు. అక్కడ పైకప్పు లేని గుడిలో ఆడవాళ్ళు తమ చేతులతోనే అమ్మవారికి పసుపు, కుంకుమ సమర్పిస్తారు. అది చూస్తూ పెరిగిన పిల్లలకి, మధ్యలో పూజారి లేకుండా దేవి ముందు నిలబడటం కొత్తగా ఉండదు. నీకు ఆ మేలు చాలు.

చంద్రుడి విషయం మనకి తేలిక. వంటింటి క్యాలెండర్‌లో తిథి ఉండనే ఉంది. పైగా మన సముద్రం తూర్పు కాబట్టి పౌర్ణమి నాడు ఇటు పొద్దు వాలే వేళకి అటు నీళ్ళలోంచి చంద్రుడు లేస్తాడు. మేడ మీద నుంచి చూపించు, లేదా బీచ్ రోడ్డు గట్టు మీద కూర్చోబెట్టు. నీళ్ళలోకి మాత్రం ఒక్కరినీ దిగనివ్వకు. ఆర్కే బీచ్‌లోనూ రుషికొండలోనూ అలల కింద లాగేసే ప్రవాహం ఎంతమందిని పొట్టన పెట్టుకుందో నీకు తెలుసు.

ఇప్పుడు రాసేది రెండుసార్లు చదువు. ఇంగ్లీషు పుస్తకాల్లో "నేను మంత్రగత్తెని" అని గర్వంగా చెప్పుకుంటారు. నగరంలో, ఇన్‌స్టాలో ఆ మాట అంటే ఏమీ కాదు. మన మన్యంలో చిల్లంగి, అంటే చేతబడి, పెట్టిందన్న అనుమానం చాలు, ఒక ముసలమ్మని కొట్టి చంపడానికి. పక్కనున్న ఒడిశా ఇలాంటి వేధింపులకి వ్యతిరేకంగా 2013లో ప్రత్యేకంగా చట్టం చేసుకోవాల్సి వచ్చింది. కాబట్టి మొదటి రోజే చెప్పు: ఎవరికైనా జబ్బు చేసినా, వ్యాపారం దెబ్బతిన్నా, ఫలానా మనిషి వల్ల అనే మాట మన నోట్లోంచి రాకూడదు, సరదాకైనా రాకూడదు. చేతబడి తీసెయ్యమని ఎవరైనా నీ గుమ్మం ఎక్కితే మంచినీళ్ళిచ్చి పంపెయ్యి. తాయెత్తు కాదు కదా, ఒక నిమ్మకాయ కూడా ఇవ్వకు. ఇందులో నేను ఒక్క అంగుళం కూడా తగ్గను.

స్పెల్స్ గురించి అడిగితే, ఎవరికీ హాని లేనంతవరకూ నీ ఇష్టం అన్న సూత్రంతో మొదలుపెట్టు. ప్రేమ కోసం స్పెల్ అడిగేవాళ్ళు తప్పకుండా ఉంటారు. అవతలి మనిషి మనసుని వాళ్ళ ఇష్టం లేకుండా తిప్పడం హానే అని వాళ్ళతోనే అనిపించు. ఏడాది పైన ఒక రోజు నేర్చుకున్నాకే దీక్ష మాట అనే పాత ఆనవాయితీ మంచిది, తొందరపెట్టే వాళ్ళకి అదే చెప్పు.

డబ్బు తీసుకోకు. గార్డ్నర్ వరసలో దీక్షకి డబ్బు పుచ్చుకోరు. టీ, బిస్కెట్లు వంతులవారీగా తెచ్చుకోండి. పద్దెనిమిది నిండని వాళ్ళని చేర్చుకోకు. పాత పద్ధతిలో బట్టలు లేకుండా చేసే కర్మలు ఉన్నాయి, వాళ్ళు ఎక్కడో చదివే ఉంటారు. మా దగ్గర అది లేదు, ఎవరైనా గురువు పేరుతో అడిగితే లేచి వచ్చెయ్యండి అని తేటగా చెప్పెయ్యి. క్లాసు జరుగుతున్నంతసేపూ ఇంట్లో ఇంకొకరు ఉండాలి, మేడ తలుపు తీసే ఉండాలి.

ఆకులూ వేర్లూ తెచ్చేటప్పుడు ఉమ్మెత్త దగ్గర చాలా జాగ్రత్త. పాత మూలికల జాబితాల్లో దాని పేరుంటుంది, మన ఖాళీ స్థలాల్లో ఎక్కడ చూసినా ఆ మొక్కే. లోపలికి పోతే ప్రాణం తీస్తుంది. తులసి, పుదీనా, దవనం చాలు మనకి. కొవ్వొత్తి సముద్రపు గాలికి నిలవదు, చున్నీలు అంటుకుంటాయి. గాజు లాంతరు వాడు.

కొందరు విక్కా కోసం కాదు, బాధ పడలేక వస్తారు. నిద్ర పట్టడం లేదంటారు, బతకాలని లేదంటారు. వాళ్ళకి కర్మలు చేయించకు. పక్కన కూర్చుని 14416కి ఫోన్ కలుపు. అది ప్రభుత్వం వాళ్ళ టెలి మానస్, తెలుగులో మాట్లాడతారు. టెన్షన్ తగ్గాక పాఠానికి వస్తానంటే సంతోషంగా రానీ.

ఈ ఆదివారం మా ఇంటికి రా. పాత నోటుబుక్కులు తీసి ఉంచాను, ఋతువుల గురించి రాసుకున్న పేజీలు నువ్వు జెరాక్స్ తీసుకోవచ్చు. మీ మావయ్య చేపల పులుసు చేస్తానంటున్నారు, భోజనం టైమ్‌కి వచ్చెయ్యి.

ప్రేమతో,
అత్త