గుర్తులేని ఖర్చు

కంచరపాలెం,
విశాఖపట్నం.

చిన్నోడికి అత్త ఆశీస్సులు.

మొన్న ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు "నెలాఖరుకి ఖాతాలో ఏమీ మిగలట్లేదత్తా, ఎటు పోతుందో తెలీట్లేదు" అన్నావు. మీ మావయ్య పక్కనే ఉన్నారని అప్పుడు ఊరుకున్నాను. ఆయన మొదలుపెడితే పోర్టులో చేరిన రోజు జీతం దగ్గర్నుంచి వస్తారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

చేయి కడుక్కొచ్చి నీ ఫోన్‌లో పేమెంట్ల లిస్టు చూపించావు కదా. కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ చదివాను. ఇసుకతోట నుంచి మద్దిలపాలెం దాకా ఆటో బుక్ చేసి 70 రూపాయలు. నడిస్తే ఎంతసేపురా? రాత్రి పదకొండింటికి బిర్యానీ, దాని ఖరీదు మీద ప్యాకింగ్‌కి కొంత, తెచ్చినందుకు కొంత. ఆ కింద కొత్తిమీర కట్ట 15 రూపాయలు, దాన్ని ఇంటికి తెచ్చినందుకు 30! కొత్తిమీరకి బండి కట్టించుకున్నవాణ్ణి నిన్నే చూశాను.

ఒక్కోటీ చూపించి "ఇది గుర్తుందా?" అంటే సగానికి పైగా గుర్తులేదన్నావు. సాయంత్రం బీచ్‌లో తిన్న మురీ మిక్చర్ మాత్రం ఎవరితో వెళ్లావో, ఎంత కారం వేయించుకున్నావో కూడా చెప్పావు. అది మానొద్దు. గుర్తులేనివి మానెయ్. అన్నీ ఒక్కసారే బిగించేస్తే పదిహేను రోజులు ఓర్చుకుని, పదహారో రోజున కసి తీరా ఖర్చుపెడతావు. మా ఇంట్లోనే చూశాను, ఎవరని అడక్కు.

ఒక్క నెల మాత్రం చిన్న పుస్తకంలో చేత్తో రాయి. రాత్రి పడుకునే ముందు ఆ రోజు పేమెంట్లన్నీ దింపి, వారం తర్వాత మళ్లీ చూసుకో. ఎందుకు ఖర్చుపెట్టావో గుర్తురానివాటి పక్కన సున్నా చుట్టు. సున్నాల మొత్తం ఎంతైతే అంత వచ్చే నెల ఒకటో తారీఖునే పక్కకి తీసెయ్. మిగిలితే దాద్దాం అనుకుంటే, మిగలడం నేనెప్పుడూ చూళ్లేదు.

ముందు మూడు నెలల ఇంటి ఖర్చుకి సరిపడా వేరే ఖాతాలో వెయ్యి. ఆ ఖాతాని ఫోన్‌కి తగిలించకు. బ్యాంకుకి వెళ్తేనే చేతికొచ్చే డబ్బు నిలుస్తుంది. తర్వాత పోస్టాఫీసులో రికరింగ్ డిపాజిట్. నెలకి వంద రూపాయలతో కూడా మొదలుపెట్టొచ్చు. 2023 అక్టోబరు నుంచి 6.7 శాతం వడ్డీ ఇస్తున్నారు. నెలకి 5,000 కడితే ఐదేళ్లకి 3 లక్షల అసలు మీద 56 వేలకి పైగా వస్తుంది. మూడేళ్లు నిండేదాకా మూసెయ్యనివ్వరు. నీలాంటివాడికి అదే దాని గొప్ప.

చీటీల సంగతి నా నోటితో చెప్పాలంటే సిగ్గే. 2006లో మా వీధిలో ఒకావిడ దగ్గర నెలకి 2,000 చొప్పున ఇరవై నెలల చీటీ కట్టాను. రిజిస్ట్రేషన్ లేదు, కాగితం లేదు, ఆవిడ పుస్తకంలో టిక్కు మాత్రం ఉండేది. పద్నాలుగో నెల కట్టిన వారానికి ఇంటికి తాళం. 28,000 పోయింది. మీ మావయ్యకి చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. అందరూ "ఏటి సేత్తాం" అన్నారు తప్ప ఎవరి దగ్గరా కాగితం లేదు. చీటీలన్నీ చెడ్డవని కాదు, 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైనవి వేరు. ముందు ఆ కాగితం అడుగు.

ఇక తిండి. ఎంవీపీ కాలనీ రైతు బజార్ నీకు దగ్గరే. 1999లో ఈ బజార్లు పెట్టినప్పటి నుంచి నేను కూరలు కొనేది రైతు బజార్లోనే. ధరల బోర్డు చూసుకుని లోపలికెళ్లు, సంచి పట్టుకెళ్లు, వారానికి ఒక్కసారే తెచ్చుకో. చేపలకి ఎప్పుడూ వంజరమే కావాలంటావు. కవళ్లు పులుసు పెడితే ఏం తక్కువ? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, సముద్రం చేప ధర మండిపోతుంది. ఆ రెండు నెలలూ చెరువు చేపో, ఎండుచేపో తిను.

మన ఉక్కపోతకి ఏసీ వద్దని ఎలా చెప్తాను? 26లో పెట్టి ఫ్యాను వేసుకో. 2022లో మార్చిన రేట్లలో 225 యూనిట్లు దాటాక యూనిట్ 6 రూపాయల నుంచి 8.75కి ఎగిరింది. నెల మధ్యలో ఒకసారి మీటరు చూసుకో. క్రెడిట్ కార్డు బిల్లులో మినిమం డ్యూ అని రాసినంత మాత్రమే కట్టి ఊరుకోకు, పూర్తిగా కట్టు. లేదా కార్డు నాకివ్వు, బీరువాలో పెడతాను.

వచ్చే నెల మొదటి ఆదివారం పుస్తకం పట్టుకుని రా, సున్నాలు కలిసి లెక్కేద్దాం. సంక్రాంతికి పట్టుకెళ్లిన స్టీలు క్యారియరు కూడా తీసుకురా. మూడు గిన్నెలూ ఉండాలి, మూతతో సహా.

మీ అత్త