బిస్మత్ ఉన్న మందు వాడటం ప్రమాదమా?

డాక్టరు రాసిన మందులో బిస్మత్ ఉందని, అది సీసం వంటి భారలోహం కదా అని మీరు అడిగారు. హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా వల్ల నా జీర్ణాశయంలో పుండు పడినప్పుడు నాకూ ఇదే రాశారు, నాకూ ఇదే సందేహం కలిగింది. నేను వైద్యుణ్ణి కాను. చికిత్స సమయంలో తెలుసుకున్నవే రాస్తున్నాను.

ఆవర్తన పట్టికలో సీసం సంఖ్య 82, బిస్మత్‌ది 83. ఇరుగుపొరుగు మూలకాలే అయినా శరీరంలో వాటి నడవడి వేరు. మందుగా మింగిన బిస్మత్ చాలావరకు కరగని రూపంలో పేగుల గుండా మలంతో బయటికి పోతుంది. రక్తంలోకి చేరేది 1 శాతం కంటే తక్కువ. దాని భద్రత అంతా ఈ కరగని గుణం మీదే ఆధారపడి ఉంది కాబట్టి, ఏ సమ్మేళనం, ఎన్నాళ్లు అన్న రెండు ప్రశ్నలే నా దృష్టిలో అసలైనవి.

రెండో ప్రశ్నకు చరిత్రే సాక్ష్యం. 1970లలో ఫ్రాన్స్‌లో పేగుల ఇబ్బందులకు బిస్మత్ లవణాలను నెలల తరబడి వాడిన వందల మందికి మెదడు దెబ్బతిని, మతి తడబడటం, నడక తూలటం, కండరాలు ఉలిక్కిపడినట్టు అదరటం కనిపించాయి. మందు ఆపాక ఎక్కువ మంది కోలుకున్నారు గానీ, కొందరు మరణించారు కూడా. పైలోరి చికిత్సలో ఆమ్లాన్ని తగ్గించే మందు, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్‌లతో కలిపి బిస్మత్‌ను సాధారణంగా 10 నుంచి 14 రోజులే ఇస్తారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ఆ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే రక్తంలో చేరిన ఆ కొంచెం బిస్మత్ బయటికి పోవలసింది ప్రధానంగా అక్కడినుంచే.

ఇక సమ్మేళనం సంగతి. పుండుకు బిస్మత్ సబ్‌సిట్రేట్ అనే సమ్మేళనం ఎక్కువగా వాడతారు. అది పుండు మీద పొరలా పరచుకుంటుంది, బాక్టీరియాను కూడా దెబ్బతీస్తుంది. విరేచనాలకు, అజీర్ణానికి వాడే సబ్‌సాలిసిలేట్‌లో బిస్మత్ కంటే దానికి తోడుగా ఉన్న సాలిసిలేట్ విషయంలోనే ఎక్కువ జాగ్రత్త అవసరం, ఎందుకంటే అది ఆస్పిరిన్ కుటుంబానిది, దాదాపు పూర్తిగా రక్తంలోకి చేరుతుంది. ఆస్పిరిన్ పడనివారు, రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు, నెలలు నిండుతున్న గర్భిణులు దానికి దూరంగా ఉండాలి. ఫ్లూ లేదా ఆటలమ్మ వచ్చిన పిల్లలకు, కౌమారంలో ఉన్నవారికి అది అసలు ఇవ్వకూడదు. రేస్ సిండ్రోమ్ అనే ప్రాణాంతక స్థితి రావచ్చు.

నాకు ఎదురైన అనుభవం చెప్పాలంటే, చికిత్స మొదలైన కొద్ది రోజులకే నాలుక, మలం రెండూ నల్లబడ్డాయి. నోటిలోనూ పేగుల్లోనూ ఉండే గంధకంతో కలిసి బిస్మత్ నల్లటి సల్ఫైడ్‌గా మారుతుందని డాక్టరు ముందే చెప్పి ఉండటంతో కంగారు పడలేదు. మందు ఆపాక ఆ రంగు దానంతట అదే పోయింది. అయితే మలం తారులా జిగురుగా, భరించలేని దుర్వాసనతో ఉన్నా, కళ్లు తిరుగుతున్నా అది లోపలి రక్తస్రావం కావచ్చు, అప్పుడు మందు మీద నెపం వేసి ఊరుకోకూడదు.

బాక్టీరియా పోయిందో లేదో తేల్చే శ్వాస పరీక్షకు కనీసం 4 వారాల ముందే బిస్మత్, యాంటీబయాటిక్‌లు ఆగిపోయి ఉండాలి. లేకపోతే బాక్టీరియా ఉన్నా లేనట్టు ఫలితం రావచ్చు.