నిఘంటువులో అర్థం ఒకటే అయినా ఒక మాట మెప్పు, ఇంకో మాట దెప్పు ఎలా అవుతుంది?

ప్రశ్న క్లుప్తంగా ఇది: ఖరగ్‌పూర్‌లో పెరిగి, ఉద్యోగానికి గాజువాక వచ్చిన ఒకరు ఇంటి ఓనరుగారితో "మీ కోడలు మహా గడుసుదండీ" అన్నారు. తెలివైనదని చెప్పడమే ఉద్దేశం. ఆవిడ ముఖం మాడ్చుకున్నారు. నిఘంటువు చూస్తే 'నేర్పు గల' అనే ఉంది. మరి ఏ మాట మంచిగా వినిపిస్తుందో, ఏది గుచ్చుకుంటుందో తెలుసుకునేదెలా?

నిఘంటువు అబద్ధం చెప్పలేదండీ. వాచ్యార్థం, అంటే మాటకి నేరుగా ఉన్న అర్థం, చెప్పి ఊరుకుంది. 'గడుసు'లో తెలివి ఉంది గానీ, అది తన పని తాను చక్కబెట్టుకునే తెలివి. నాలుగేళ్ళ పిల్లని "గడుసు పిల్ల" అంటే అందరూ నవ్వుతారు. అదే మాట కోడలి గురించి అత్తగారి దగ్గర అంటే లెక్క వేరు. "చురుకైనదండీ", "పనిమంతురాలండీ" అంటే సరిపోయేది.

మనుషుల్ని వర్ణించే మాటలకి తేలిక పరీక్ష ఒకటుంది. మాట పక్కన 'కానీ మంచివాడు' పెట్టి చదవండి, తర్వాత 'పైగా మంచివాడు' పెట్టి చదవండి. "పిసినారి, కానీ మంచివాడు" సాఫీగా పోతుంది. "పొదుపరి, కానీ మంచివాడు" ఎక్కడో తట్టుకుంటుంది, "పొదుపరి, పైగా మంచివాడు" అంటే కుదురుతుంది. 'కానీ' అతికితే ఆ మాట చెడువైపు ఒరిగినట్టు, 'పైగా' అతికితే మంచివైపు. మొండితనానికీ పట్టుదలకీ, వాగుడుకీ మాటకారితనానికీ, బక్కపలచకీ నాజూకుకీ ఉన్న తేడా ఇలా తేలిపోతుంది. 'గడుసుది' కూడా వేసి చూడండి, ఎటు ఒరిగిందో మీకే తెలుస్తుంది.

కొన్ని మాటలకి ఈ పరీక్ష కూడా అక్కర్లేదు, తోకే చెప్పేస్తుంది. -బోతు, -పోతు, -గొండి, -మారి తగిలితే తిట్టే: తాగుబోతు, తిండిపోతు, లంచగొండి, జగడాలమారి. -శాలి ఉంటే మెప్పు: ధైర్యశాలి, ప్రతిభాశాలి. -రాయుడు చేరితే వెటకారం: కోతలరాయుడు, కబుర్లరాయుడు.

క్రియల దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. అపార్ట్‌మెంటు నోటీసు బోర్డు మీద ఈ మూడు వాక్యాలూ ఊహించుకోండి. "లిఫ్టు బాగుచేయడానికి 40 వేలు వెచ్చించాం." "లిఫ్టు బాగుచేయడానికి 40 వేలు ఖర్చయింది." "లిఫ్టుకని 40 వేలు తగలేశారు." సొమ్ము అంతే, లిఫ్టూ అదే. మొదటిది కమిటీ తన పనిని పొగుడుకోవడం, రెండోది లెక్క చెప్పడం, మూడోది నాలుగో అంతస్తు వాళ్ళ కోపం. నోటీసు రాసేవాళ్ళు రెండోదానితో సరిపెట్టుకోవడం మంచిది. 'వెచ్చించాం' అని చదివిన మరుక్షణం బిల్లు చూపించమంటారు.

'పాల్పడు' అనేది ఇంకో గుంట. దీని అర్థం 'పూనుకొను' లాంటిదే, కానీ పక్కన చేరేవన్నీ నేరాలే: దోపిడీకి పాల్పడ్డారు, అక్రమాలకు పాల్పడ్డారు. "సేవా కార్యక్రమాలకు పాల్పడ్డారు" అని రాస్తే చదివినవాళ్ళు పడీపడీ నవ్వుతారు. 'ఒడిగట్టు', 'తెగబడు' ఇదే కోవ. మంచి పనికైతే పూనుకుంటారు, నడుం బిగిస్తారు. 'సాధించు' సంగతి వేరు, అక్కడ కర్మని, అంటే దేన్ని, ఎవర్ని సాధించారో చూడాలి. పోర్టు సరుకు రవాణాలో రికార్డు సాధిస్తే ఘనత, అత్త కోడల్ని సాధిస్తే నరకం.

చోటు మారితే రంగు మారే మాటలు మన విశాఖలో బోలెడు. సింహాచలంలో తలమీద శఠగోపం పెడితే ఆశీర్వాదం, చిట్‌ఫండ్ వాడు పెడితే మోసం. స్వామికి చేసే కైంకర్యం సేవ, సంఘం సొమ్ము కైంకర్యం చేస్తే కాజేసినట్టు. తూర్పు భాగోతం ఉత్తరాంధ్ర గొప్పగా చెప్పుకునే కళ, "వాడి బాగోతం బయటపడింది" అంటే పరువు పోయినట్టు. పూర్ణా మార్కెట్‌లో ముఠా అంటే బస్తాలు మోసే కూలీల జట్టు, అందులో తప్పేమీ లేదు. పేపర్లో మాత్రం ముఠా అనగానే పోలీసులు వస్తారు. 'గుంటడు' కూడా అంతే. మన వైపు "మా గుంటడు" అంటే ముద్దు, ఎదుటివాళ్ళ అబ్బాయిని అంటే మర్యాద తప్పినట్టు, కృష్ణా దాటితే ఏకంగా తిట్టనుకుంటారు.

రాజకీయాల్లో మాటల ఎంపిక బాహాటంగానే కనబడుతుంది. 2021 జనవరి 27న విశాఖ ఉక్కులో వాటా మొత్తం వదులుకోవడానికి కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. సర్కారు కాగితాల్లో అది 'వ్యూహాత్మక పెట్టుబడుల ఉపసంహరణ', పత్రికల్లో 'ప్రైవేటీకరణ', కూర్మన్నపాలెం దీక్షా శిబిరంలో 'అమ్మేయడం'. మొదటి మాట వింటే కోపం రావడానికి కూడా టైము పడుతుంది. దానికోసమే ఆ మాట. 1966 నాటి ఉద్యమ నినాదం 'ఆంధ్రుల హక్కు' అంది గానీ 'ఆంధ్రుల కోరిక' అనలేదు. కోరికైతే కాదనొచ్చు.

పాత నిఘంటువులతో ఒక ప్రమాదం ఉంది. పూర్వకవులు 'కంపు'ని సువాసనకీ వాడారు, ఇప్పుడది దుర్వాసనే. ఛాందసుడు ఒకప్పుడు వేదం చదువుకున్నవాడు, ఇవాళ చాదస్తుడు. మాట అర్థం ఇలా దిగజారడాన్నే అర్థాపకర్ష అంటారు, డీఎస్సీకి చదివినవాళ్ళకి తెలిసే ఉంటుంది. ఎదురు దారిన వెళ్ళినవీ ఉన్నాయి: సభికులంటే మొదట జూదరులు! అందుకే 1885 నాటి శబ్దరత్నాకరంలో ఒక అర్థం కనిపించినంత మాత్రాన ఇవాళ దాన్ని ఎదుటి మనిషి మీద ప్రయోగించకండి.

సొంతంగా పరిశీలించాలంటే గూగుల్‌లో మాటని తెలుగు లిపిలో, కొటేషన్ గుర్తుల మధ్య వెతకండి. ఓ ఇరవై వాక్యాలు చదివి, ఆ మాటకి ముందు ఏముందో కాగితం మీద రాసుకోండి. తెలుగులో మాట రూపం మారిపోతుంది కాబట్టి 'పాల్పడ్డారు', 'పాల్పడిన', 'పాల్పడుతూ' విడివిడిగా వెతకాలి, లేకపోతే సగం వాక్యాలు దొరకవు. సినిమా పేర్లు, నేర వార్తల శీర్షికలు లెక్కలోంచి తీసేయండి, అవి తూకాన్ని ఒకవైపు లాగేస్తాయి. ఇరవైలో పదిహేను చెడ్డ సందర్భాలైతే ఆ మాట జోలికి పోవద్దు. సగం సగం ఉంటే ఎవరు ఎవరితో అన్నారో చూడాలి.

ఈ పద్ధతులేవీ వెటకారాన్ని పట్టుకోలేవు. 'ఘనకార్యం', 'నిర్వాకం', 'వెలగబెట్టడం', 'మహానుభావుడు' చూడ్డానికి పొగడ్తలే. "ఏం వెలగబెడుతున్నావు?" అని అడిగితే మాత్రం జవాబు చెప్పకుండా తప్పుకోవడమే మేలు. ముందు 'పెద్ద', చివర 'అంట' తగిలించినా అంతే: "పెద్ద ఇంజనీరంట!" జంటమాట కూడా చులకనే. "పెళ్ళీ గిళ్ళీ ఏమైనా ఉందా?" అని దగ్గరి స్నేహితుణ్ణి అడగొచ్చు గానీ ఆఫీసులో పెద్దవాళ్ళని అడగకూడదు.

ఇక తెలిసినవాళ్ళని అడిగేటప్పుడు "దీని అర్థమేంటి?" అని అడిగితే నిఘంటువులో ఉన్నదే చెబుతారు. "ఈ మాట ఎవర్ని అంటారు? మీ నాన్నగారిని మొహం మీద అనగలరా?" అని అడగండి. అరవై దాటినవాళ్ళు ఒకరినీ, పాతికలోపు వాళ్ళు ఒకరినీ అడిగితే మంచిది. ఇద్దరూ ఒకే మాట చెబితే నిశ్చింతగా వాడుకోవచ్చు, తేడా వస్తే పెద్దవాళ్ళ ముందు పెద్దవాళ్ళు చెప్పినట్టే వాడండి.