‘ఫ్యాట్ బర్న్’లో పెట్టి నడిచినా బరువు ఎందుకు తగ్గట్లేదంటే

రెండు నెలలుగా ట్రెడ్‌మిల్ మీద ‘ఫ్యాట్ బర్న్’ (కొవ్వు కరిగించే) మోడ్ పెట్టి, గుండె వేగం నిమిషానికి 110 దాటకుండా అరగంట నడుస్తున్నా బరువు కదలట్లేదన్నారు. ఆ పేరే మిమ్మల్ని తప్పుదారి పట్టించింది. నెమ్మదిగా నడిస్తే ఖర్చయ్యే కేలరీల్లో కొవ్వు వాటా ఎక్కువే, కానీ మొత్తం ఖర్చు తక్కువ. బరువు తగ్గించేది ఆ మొత్తమే. అందుకే గుండె వేగం కొంచెం పెరగాలి, ఎంతో ఇలా చూసుకోండి.

1. గుండె వేగం ఎంత ఉండాలో చాలా మెషిన్లు వయసు ఒక్కటే చూసి లెక్క కడతాయి. అందరూ వదిలేసేది విశ్రాంతిలో ఉన్నప్పటి నాడి. పొద్దున మెలకువ రాగానే, కాఫీకి ముందే, మంచం మీదే నిమిషం పాటు లెక్కపెట్టండి. ఒక్క రోజు చాలదు, మూడు రోజుల సగటు తీయండి.

2. మీ వయసు 40 అనుకుందాం. 220లోంచి అది తీసేస్తే 180, మీ గుండె గరిష్ఠ వేగం సుమారుగా అదే. విశ్రాంతి నాడి 70 అనుకుంటే తేడా 110. అందులో సగం 55కి మళ్లీ 70 కలపండి: 125. అదే 60 శాతానికైతే 136. మీరు ఉండాల్సింది ఈ రెండింటి మధ్య. పరుగెత్తక్కర్లేదు, వాలు కొంచెం పెంచినా అందుతుంది.

3. ఆ వేగంలో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి.

బీపీకి బీటా బ్లాకర్ వాడుతుంటే అంకెలు పక్కన పెట్టి మూడోదే నమ్మండి, ఆ మందు గుండె వేగాన్ని తగ్గిస్తుంది. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆపి డాక్టర్‌కి చూపించుకోండి.