క్లెమెంటీని పరుగెత్తించకు

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ మెసేజ్ చూశాను. పియానో క్లాసులు మొదలుపెట్టి రెండు నెలలైనా కాలేదు, పిల్లలు క్లెమెంటీ సొనాటినాని, అదే ఆ మూడు భాగాల చిన్న పియానో రచనని, ఎక్స్‌ప్రెస్ బండిలా తోలేస్తున్నారని అప్పుడే టెన్షన్ పడుతున్నావు. వాళ్లని తిట్టకు. ఓపస్ 36 అనే ఆ సంపుటిలో మొదటి సొనాటినా చేతికి తేలిగ్గా దొరుకుతుంది, దొరకగానే ఉరకాలనిపిస్తుంది. చిన్నప్పుడు స్కూల్ వార్షికోత్సవంలో నేనూ అలాగే ఉరికి, మధ్యలో దారి తప్పి, మళ్లీ మొదటి లైనుకొచ్చి పడ్డాను.

ముందు వాళ్లకి దాన్ని రాసిన మనిషి కథ చెప్పు. ముజియో క్లెమెంటీ 1752లో రోమ్‌లో పుట్టాడు. కుర్రాడిగా ఉండగానే పీటర్ బెక్‌ఫర్డ్ అనే ఇంగ్లిష్ జమీందారు తండ్రిని ఒప్పించి ఇంగ్లండ్ తీసుకుపోయాడు. అతని పల్లెటూరి బంగళాలో ఏళ్ల తరబడి హార్ప్సికార్డ్ (పియానోకి ముందుతరం తీగల వాద్యం) సాధనే. 1781 డిసెంబరు 24న వియన్నాలో రెండో జోసెఫ్ చక్రవర్తి ఎదుట సంగీతకారుడు మొజార్ట్‌తో పియానో పోటీ పడ్డాడు. ఎవరూ ఓడలేదు. కానీ మొజార్ట్ ఇంటికి రాసిన ఉత్తరంలో, కుడిచేతి పనితనం బాగుంది గానీ రుచీ భావమూ కాణీ విలువ చేయవు, వట్టి యంత్రం అన్నాడు. కొంత అక్కసు ఉందనుకో. ఆ రోజు క్లెమెంటీ వాయించిన బి ఫ్లాట్ సొనాటా ఎత్తుగడ, పదేళ్ల తర్వాత మొజార్ట్ సంగీతనాటకం 'మ్యాజిక్ ఫ్లూట్' ఓవర్చర్‌లోనే, అంటే తెర లేచే ముందు వాయించే సంగీతంలోనే, వినిపిస్తుంది!

నీకు పనికొచ్చే ముక్క ఇంకోటుంది. అప్పట్లో తనకి వేగం, మెరుపుల మీదే మోజని క్లెమెంటీయే తర్వాత ఒక శిష్యుడి దగ్గర ఒప్పుకున్నాడు. పేరున్న గాయకులను వినీ వినీ, ఇంగ్లిష్ పియానోలు మెరుగుపడుతూ వచ్చాకా, పాడినట్టు వాయించడం వైపు మళ్లాడట. 1797లో ఈ సొనాటినాలు అచ్చయ్యేనాటికి ఆయనకి నలభై అయిదు.

అందుకే మొదటి భాగం పక్కనపెట్టి, మధ్యలోని ఆందాంతేతో, అదే ఆ నిదానంగా నడిచే భాగంతో, మొదలుపెట్టు. కుడిచేతి రాగాన్ని ముందు నోటితో పాడించు. శ్రుతి తప్పినా ఫర్వాలేదు, ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో గమనించు. వేలు లేవాల్సింది అక్కడే. ఎడమచేతి మూడేసి స్వరాలు పక్కగదిలో మాట్లాడుతున్నంత మెల్లగా ఉండాలి. ఇదొచ్చాక మొదటి భాగానికి వెళ్తే పిల్లలు వాళ్లంతట వాళ్లే నెమ్మదిస్తారు.

ఇంకో మాట. ఎలా నొక్కినా ఒకే శబ్దం వచ్చే చవక కీబోర్డు మీద ఇదంతా కుదరదు. టచ్‌కి తగ్గట్టు శబ్దం మారేది కొనమని తల్లిదండ్రులకు ముందే చెప్పు. కీల సంఖ్య గురించి మాత్రం కంగారు పెట్టకు, ఈ సొనాటినాకి అరవై ఒకటి చాలు.

క్లెమెంటీ పియానోలు తయారుచేయించి అమ్మాడు కూడా. శిష్యుడు జాన్ ఫీల్డ్‌ని సెయింట్ పీటర్స్‌బర్గ్ దాకా తీసుకెళ్లి, కొనేవాళ్ల ముందు వాయించేందుకు కూర్చోబెట్టాడు. ఆ పని మాత్రం నువ్వు నీ పిల్లలతో చేయించకు!

క్లెమెంటీ రాసిన పియానో అభ్యాసాల పుస్తకం 'గ్రాదుస్ అద్ పర్నాసుమ్', నా దగ్గరున్నది నీకే ఇస్తాను. మొత్తం వంద అభ్యాసాలు, పిల్లలకి కాదు, నీ చేతులకి. పేజీలు ఊడిపోతున్నాయి, సంక్రాంతికి వచ్చినప్పుడు తీసుకెళ్లి బైండింగ్ చేయించుకో.

మీ అత్తయ్య