వేపా, కానుగా అని అడిగావు కదా

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. స్లాబ్ పడిందన్నావు, చాలా సంతోషం. పడమటి వైపు వదిలిన జాగాలో పెద్ద నీడ చెట్టు ఒకటి పెట్టుకోవాలని నీ కోరిక, మీ అత్తగారేమో వేప అంటున్నారు, మీ ఆయనేమో కానుగ అంటున్నాడు, మధ్యలో నీకు టెన్షన్. ముప్పై ఏళ్లు నర్సరీ మొక్కల మధ్యనే బతికినవాణ్ణి, రెండు చెట్లూ మా దొడ్లో ఉన్నాయి. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు చెట్టు మాట పక్కన పెట్టి నేల సంగతి చూడు. మీది నరసరావుపేట వైపు నల్లరేగడి. చెట్టు పెట్టాలనుకున్న చోట గడ్డపారతో రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు గొయ్యి తీయించి నిండా నీళ్లు పొయ్యి. అవి ఇంకిపోయాక ఇంకోసారి నింపి ఆ రాత్రికి వదిలెయ్. మర్నాడు పొద్దున్నే వెళ్లి చూడు. గొయ్యి పొడిగా ఉంటే ఏ చెట్టయినా పెట్టుకో. అడుగున ఇంకా నీళ్లు కనబడుతుంటే మాత్రం వేప ఆలోచన మానుకో. వేపకి ఎండ ఎంతయినా పరవాలేదు, వాన తక్కువైనా పరవాలేదు, వేళ్ల దగ్గర రోజుల తరబడి నీళ్లు నిలిస్తే మాత్రం తట్టుకోదు. మొక్క రెండేళ్లు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, మూడో వానాకాలంలో ఆకులు పసుపెక్కి, ఎందుకు పోయిందో తెలియకుండానే పోతుంది. కానుగ అలా కాదు. అది వాగు ఒడ్డున, చెరువు గట్టున తనంతట తాను పెరిగే చెట్టు, కొన్నాళ్లు నీళ్లలో నిలబడ్డా కోలుకుంటుంది. చవుడు నేలైనా, బోరు నీళ్లు కాస్త ఉప్పగా ఉన్నా సర్దుకుపోతుంది.

అదే మీ అన్నయ్య మార్కాపురంలో ఆ రాళ్ల నేలలో ఇల్లు కట్టుకుని అడిగి ఉంటే రెండో మాట లేకుండా వేప అనేవాణ్ణి. నీకు మాత్రం కానుగే అంటాను. మీ అత్తగారు నొచ్చుకోకుండా నువ్వే నెమ్మదిగా చెప్పు. వేప మీద ఆవిడకున్న ఇష్టం ఉత్త నమ్మకం కాదమ్మా, ఉగాది పచ్చడికి పువ్వు సొంత చెట్టు నుంచి కోసుకోవాలని ఏ ఇంటి పెద్దకైనా ఉంటుంది, పైగా అది మన రాష్ట్ర వృక్షం కూడా. కాకపోతే వేప రాత్రిపూట కూడా ఆక్సిజన్ ఇస్తుందన్నారని రాశావే, అది నిజం కాదు, ఏ చెట్టుకైనా ఆ పనికి వెలుతురు కావాల్సిందే. పెరట్లో వేప ఉంటే దోమలు రావన్నదీ అంతే. ఎండుటాకు పొగ వేస్తే కాసేపు పోతాయి గానీ, ఉన్న చెట్టుని చూసి దోమ పారిపోవడం నేనెన్నడూ చూడలేదు.

ఇక నీడ. నీకు అసలు కావలసింది అదే కదా. వేప నీడ పలచన, ఆకుల మధ్య నుంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడుతుంది, గాలి మాత్రం హాయిగా ఆడుతుంది, కింద మంచం వేసుకుని పడుకోవడానికి దాన్ని మించింది లేదు. కానుగ నీడ చిక్కన. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి మా కానుగ కింద నిలబడి పైకి చూస్తే ఆకాశం ముక్క కూడా కనబడదు, కాలి కింద మట్టి చల్లగా తగులుతుంది, పది అడుగులు ఇవతలికి వస్తే అదే మట్టి మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. నీకు చల్లబడాల్సింది మంచం కాదు, పడమటి గోడ. మధ్యాహ్నమంతా తాగిన ఎండని ఆ గోడ రాత్రి పదింటిదాకా గదిలోకి వదులుతూనే ఉంటుంది. దానికి చిక్కటి నీడే కావాలి. ఇంకో సంగతి, వేసవిలో పొద్దు సరిగ్గా పడమరన కాకుండా కాస్త వాయవ్యం వైపు జరిగి దిగుతుంది, కాబట్టి మొక్క గోడకి సరిగ్గా మధ్యలో కాకుండా రెండు మూడు గజాలు ఉత్తరానికి జరిపి పెట్టు.

రెండూ ఎండాకాలం ముందు ఆకు రాలుస్తాయి, దానికి భయపడకు. వేప మాఘ ఫాల్గుణాల్లో రాల్చేసి ఉగాదికల్లా రాగి రంగు చిగుళ్లేస్తుంది. కానుగ బోసిగా ఉండేది కొద్ది రోజులే, ఆ తర్వాత వచ్చే లేతాకు పచ్చదనం చూసి తీరాలి, ఎండలు ముదిరేసరికి గొడుగు సిద్ధం.

2021లో వేపలకి వచ్చిన ఎండు తెగులు నీకు గుర్తుందో లేదో. ఆంధ్రా, తెలంగాణా రెండుచోట్లా చెట్లు మంటలో కాల్చినట్టు పై కొమ్మల చివర్ల నుంచి కిందికి గోధుమ రంగుకి తిరిగాయి. ఒక శిలీంద్రం, దానికి తోడు లేత చిగురు రసం పీల్చే ఒక పురుగు. మా వేప కూడా సగానికి పైగా మాడిపోయింది. చచ్చిపోయింది, కొట్టించెయ్యమని వీధిలో వాళ్లంతా చెప్పారు. నేను గోటితో కొమ్మ బెరడు గీకి చూశాను, లోపల పచ్చగానే ఉంది. ఎండిన చివర్లు కోయించి తగలబెట్టి, పాదుకి నీళ్లిచ్చి ఊరుకున్నాను. వానలు పడ్డాక మళ్లీ చిగిర్చింది. ఎవరింట్లోనైనా వేప అలా కనబడితే తొందరపడి గొడ్డలి ఎత్తవద్దని చెప్పు.

కానుగకి మాత్రం లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఆకుల మీద పొక్కుల్లాగా బుడిపెలు లేస్తాయి, కంటికి కనబడనంత చిన్న నల్లి వల్ల వస్తాయి, చూడ్డానికి బాగోవు గానీ చెట్టుకి ప్రాణాపాయం ఏమీ లేదు, మందులు కొట్టించకు. పూతకాలంలో తెలుపూ లేత ఊదా కలిసిన పువ్వులు తివాచీలా రాలతాయి, నాకు అది పండగలా ఉంటుంది, కింద కారు పెడితే మాత్రం రోజూ తుడుచుకోవాలి. తర్వాత కాయలు. వాటిని పారెయ్యకుండా ఏరి గింజ తీస్తే నూనె ఆడించుకోవచ్చు, మా అమ్మ ఆ నూనెతో దీపం పెట్టేది. అది తినే నూనె కాదు, పిల్లలు గింజలు నోట్లో పెట్టుకోకుండా చూసుకో. రాలిన ఆకంతా పాదులోనే వెయ్యి. ఒకప్పుడు రైతులు వరి మడిలో కానుగ రొట్ట తొక్కించింది ఊరికే కాదు. చిక్కుడు జాతి చెట్టు కదా, వేళ్ల బుడిపెల్లో గాలిలోని నత్రజనిని పట్టి ఉంచుకుంటుంది.

దూరం విషయంలో మాత్రం నా మాట ఖచ్చితంగా విను. 1994లో నేను మొదటి వేపని ప్రహరీకి ఆరడుగుల్లో, సంపు పక్కన పెట్టాను. పన్నెండేళ్లకి చెట్టు బ్రహ్మాండంగా పెరిగింది, ప్రహరీ మాత్రం పైనుంచి కిందిదాకా చీలింది, సంపులోకి పీచు వేళ్లు దిగాయి. చెట్టు కొట్టించిన రోజు నేను అన్నం తినలేదు. నల్లరేగడి ఎండితే ముడుచుకుంటుంది, తడిస్తే ఉబ్బుతుంది, పెద్ద చెట్టు ఎండాకాలంలో ఆ మట్టిలో తడి పీల్చేస్తే పునాది కింద నేల ఇంకా ముడుచుకుంటుంది. నీ ఐదు వందల గజాల్లో పడమర ముప్పై రెండు అడుగులు వదిలావు కాబట్టి ఇంటి గోడకి పద్ధెనిమిది, ప్రహరీకి పద్నాలుగు అడుగులు వచ్చేలా చూసుకో. సంపు, సెప్టిక్ ట్యాంకు ఇంటికి అవతలి వైపు ఉండాలని మేస్త్రీకి ఇప్పుడే చెప్పు. పైన కరెంటు తీగలుంటే ఆ వరసలో పెట్టనే పెట్టకు. రెండు చెట్లూ పెట్టి ఇద్దర్నీ సంతోషపెడదామని మాత్రం అనుకోకు. ఒక్కటే పెట్టు.

నాటేది తొలకరి పడ్డాక. నర్సరీకి వెళ్లి పొడుగ్గా ఉన్న మొక్క ఏరుకోకు, కాండం లావుగా, మూడు నాలుగడుగులున్నది చాలు. కవరు అడుగున చూడు, వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటే ఆ మొక్క వద్దు. గొయ్యి మూడడుగులు తీసి, పైమట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపి, కవరు పూర్తిగా చింపి తీసేసి, మొదలు గుంటలో కూరుకుపోకుండా నేలకి సమంగా నాటు. ఊతకర్ర కట్టు. మొదటి రెండు వేసవులూ వారానికోసారి మూడు బకెట్లు, కాండం దగ్గర కాకుండా పాదు అంచున పొయ్యి. కానుగ కింది నుంచే కొమ్మలేసి పరుచుకుంటుంది, దాన్ని అలాగే వదిలేస్తే కింద నడవడానికి ఉండదు. ఏడాదికి రెండు మూడు కింది కొమ్మలే తీస్తూ నాలుగైదేళ్లలో ఎనిమిదడుగుల దాకా కాండం శుభ్రం చెయ్యి, ఒక్కసారే గొరిగించకు. వేరు పిలకలు లేస్తే లేతప్పుడే పీకెయ్.

గొయ్యి తీసి నీళ్లు పోసిన మర్నాడు నాకు ఫోన్ చెయ్యి, ఎంత నీళ్లు మిగిలాయో పుల్ల పెట్టి కొలిచి చెప్పు. మా చెట్టు కింద మొలిచిన కానుగ మొక్కలు రెండు కవర్లలోకి మార్చి పెట్టాను, మోకాలి ఎత్తు ఉన్నాయి, వచ్చే తొలకరికి సరిపోతాయి. పంచాంగం చూసి మీ అత్తగారినే రోజు చెప్పమను, ఆ రోజుకి నేనే తీసుకొస్తాను. ఉగాదికి పువ్వు మా వేప నుంచి ఏటా పంపిస్తానని కూడా ఆవిడతో చెప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న