టాలీ నేర్పిస్తే సరిపోతుందా? బీకాం అమ్మాయి తండ్రికి జవాబు

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీకాం కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ నేర్పే కోర్సులో చేర్చాలనుకున్నాం. బిల్లు ఫొటో తీస్తే ఏఐయే ఎంట్రీ వేసేస్తోందని, ఆ డబ్బు దండగని మా బావమరిది అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ బావమరిది మాటలో సగం నిజముంది, ఆ సగాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. బిల్లులు చూసి టాలీలో ఎక్కించడమే ఉద్యోగంగా బతికే రోజులు పోతున్నాయి. బ్యాంకు స్టేట్‌మెంట్ నేరుగా సాఫ్ట్‌వేర్‌లోకి దిగిపోతోంది. 2020 అక్టోబరులో ఈ-ఇన్‌వాయిస్ (బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే పద్ధతి) మొదలైనప్పుడు 500 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలకే ఉండేది. 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటినవాళ్లందరికీ వచ్చింది. అంటే మీ ఊరి హోల్‌సేల్ దుకాణం దాకా చేరింది. ఆ బిల్లుల వివరాలు వాటంతటవే జీఎస్టీ రిటర్న్‌లోకి వెళ్తాయి, ఎవరూ కూర్చుని కొట్టక్కర్లేదు.

దెబ్బ ఎక్కువ తగిలేది కొత్తగా వచ్చే పిల్లలకే. ఇదివరకు డిగ్రీ అవగానే ఆడిటర్ ఆఫీసులో చేరి, ఏడాదో రెండేళ్లో బిల్లులు ఎక్కిస్తూ, తప్పులు చేసి చీవాట్లు తింటూ పని నేర్చుకునేవాళ్లు. ఆ మొదటి మెట్టే అరిగిపోతోంది. పైన పని తెలిసినవాళ్ల అవసరం ఉంది కానీ, అక్కడికి చేరే దారి ఇరుకైంది. కాబట్టి ఉద్యోగంలో చేరాక నేర్చుకునేదాన్ని మీ అమ్మాయి ముందే కొంత నేర్చుకుని వెళ్లాలి.

పై మెట్టులో చేసే ఆ పని ఏమిటో ఒక లెక్కతో చెబుతాను. సిమెంటు వ్యాపారి లక్ష రూపాయల సరుకు కొన్నాడు. 18 శాతం చొప్పున 18,000 జీఎస్టీ కట్టాడు. దాన్ని తన అమ్మకాల పన్నులోంచి తగ్గించుకోవాలంటే, సరుకు పంపిన పార్టీ ఆ బిల్లును మరుసటి నెల 11వ తేదీలోగా జీఎస్టీఆర్-1లో (తన అమ్మకాల రిటర్న్‌లో) చూపాలి. 14న పోర్టల్‌లో మన వ్యాపారి కోసం తయారయ్యే 2బీ అనే కొనుగోళ్ల జాబితాలో అది కనబడాలి. కనబడకపోతే 20న పన్ను కట్టే రిటర్న్ 3బీ వేసేటప్పుడు ఆ 18,000 చేతి డబ్బు పెట్టుకోవాల్సిందే.

ఎందుకు కనబడదు? పార్టీ అసలు రిటర్న్ వేసి ఉండకపోవచ్చు. మూడు నెలలకోసారి వేసే చిన్న వ్యాపారి కావచ్చు. మన జీఎస్టీ నంబరుకు బదులు వేరొకరిది కొట్టి ఉండవచ్చు, అప్పుడు క్రెడిట్ (అలా తగ్గించుకునే పన్ను) ఎవరి ఖాతాకో పోతుంది. ఒక్కోసారి బిల్లు అక్కడే ఉంటుంది, మన పుస్తకంలో 045 అనీ అక్కడ 45 అనీ ఉండటంతో సాఫ్ట్‌వేర్ రెండూ వేరనుకుంటుంది. ఏది కారణమో తేల్చి, పార్టీకి ఫోన్ చేసి, మొహమాటం లేకుండా సరిచేయించుకోవాలి. దీనికి మనిషి కావాలి.

ఇంకొకటి. గుంటూరు వ్యాపారి పని మీద వెళ్లి హైదరాబాద్‌ హోటల్లో దిగితే, బిల్లులో కేంద్రం వాటా సీజీఎస్టీ, తెలంగాణ వాటా ఎస్‌జీఎస్టీ పడతాయి. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్‌కు ఆ క్రెడిట్ రాదు. ఫొటో చదివే సాఫ్ట్‌వేర్ పన్ను గడి చూసి క్రెడిట్‌లో వేసేయవచ్చు. బిల్లులో హోటల్ జీఎస్టీ నంబరు మొదటి రెండంకెలు చూసే అలవాటున్న అమ్మాయి (తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37) అక్కడే ఆగుతుంది. 2024 అక్టోబరు నుంచి జీఎస్టీ పోర్టల్‌లో వచ్చిన ఐఎంఎస్ అనే బిల్లుల పరిశీలన పేజీలో ఒక్కో బిల్లును ఒప్పుకోవచ్చు, తిరస్కరించవచ్చు, పెండింగ్‌లో పెట్టవచ్చు. ఏమీ నొక్కకపోతే ఒప్పుకున్నట్టే లెక్క! ఎవరూ చూడని ఆఫీసులో తప్పుడు బిల్లులు కూడా అలాగే లోపలికొచ్చేస్తాయి.

ఇక మీ అమ్మాయి సంగతి. టాలీ నేర్పించండి, కానీ నెలా నెలన్నరకు మించి దానికే పెట్టొద్దు. దానితో సమానంగా ఎక్సెల్ మీద కూర్చోబెట్టండి. లెక్కలు గుంపులుగా కూడే పివట్ టేబుల్, ఒక పట్టికలోది ఇంకో పట్టికలో వెతికే ఎక్స్‌లుకప్, పేర్ల పక్కన నక్కిన ఖాళీలు తీసే ట్రిమ్ చేతికి అలవాటవ్వాలి. కొనుగోళ్ల రిజిస్టరు, 2బీ పక్కపక్కన పెట్టి తేడాలు తీసేది వీటితోనే.

ఆ తర్వాత ఆడిటర్ దగ్గరో, పన్ను ప్రాక్టీషనర్ దగ్గరో కనీసం మూడు నెలలు. జీతం తక్కువైనా ఫరవాలేదు, కానీ 7న టీడీఎస్ కట్టడం దగ్గర్నుంచి 15న పీఎఫ్, 20న 3బీ దాకా నెల మొత్తం చక్రం చూడనిస్తారా అని ముందే అడగండి. ఎంట్రీలకే కూర్చోబెట్టేచోట చేర్చొద్దు.

డిగ్రీలో 55 శాతం దాటేలా ఉంటే సీఏ గురించీ ఆలోచించండి. మొదటి పరీక్ష ఫౌండేషన్ రాయకుండా నేరుగా రెండో మెట్టు సీఏ ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు, ఆర్టికల్‌షిప్ (ఆడిటర్ దగ్గర చేసే శిక్షణ) కూడా ఇప్పుడు రెండేళ్లే. హైదరాబాద్‌లోని విదేశీ కంపెనీల అకౌంట్స్ విభాగాలు మరో దారి. అక్కడ కూడా ఇన్‌వాయిస్ ప్రాసెసింగ్ కోసమే చేరితే ఇదే ప్రమాదం, నెలాఖరు ముగింపు లెక్కలు, తేడాలు తేల్చే పని ఉన్న టీమ్ అడగాలి.

కోర్సు ఫీజు కట్టేముందు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లి నోట్స్ చూడండి. సిమెంటు మీద జీఎస్టీ ఇంకా 28 శాతం అని ఉంటే అది 2025 సెప్టెంబరు 22కు ముందుది. టీడీఎస్ పాఠంలో 194సీ, 194జే అనే పాత సెక్షన్లు మాత్రమే ఉంటే, 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన ఆదాయపు పన్ను చట్టం 2025 చేర్చలేదన్నమాట. ఆ రెండూ సరిగ్గా ఉంటే, 2బీతో రిజిస్టరు కలిపే క్లాసు ఒకటి చూడనివ్వమని అడిగి, ఆ తర్వాతే డబ్బు కట్టండి.